మైనింగ్‌లో ఏ ఉద్యోగం ఎక్కడిదాకా పోతది? బాయిలో (గనిలో) దిగకుండా పని ఉంటదా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైంది ఇట్ల: ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, నాన్న సింగరేణిలో హాలేజ్ ఆపరేటర్ (బొగ్గు టబ్బుల్ని తాడుతో లాగే యంత్రం నడిపేటోడు), అమ్మ బీటెక్ మైనింగ్ అంటున్నది, మేనమామ డిప్లొమా చాలు తొందరగా జాబ్ కొడతవ్ అంటున్నడు, నీకేమో అసలు ఈ ఫీల్డ్‌లో ఏమేం ఉద్యోగాలుంటయి, అందరూ కిందికి దిగాల్సిందేనా అని డౌట్. నేను డిప్లొమాతో ఓవర్‌మెన్‌గా చేరి, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ పరీక్షలు రాసి, మేనేజర్‌గా, సేఫ్టీ ఆఫీసర్‌గా చేసి రిటైర్ అయిన మనిషిని. ఇప్పుడు ఒక సున్నపురాయి గనికి సేఫ్టీ పని చూసిపెడుతున్న. జర పొడుగు ఉంటది, ఓపికగా చదువు.

ముందు మీ మేనమామ సంగతి తేల్చేద్దాం. ఆయన మాట పదో తరగతి అయినప్పుడు చెప్పి ఉంటే కరెక్టే. అప్పుడు పాలిసెట్ రాసి బెల్లంపల్లిలోనో కొత్తగూడెంలోనో మైనింగ్ డిప్లొమాలో చేరి, ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ సెకండ్ ఇయర్‌లో దూరే దారి ఉంది. కానీ నువ్వు ఇంటర్ చేసేసినవ్, ఇప్పుడు వెనక్కి పోయి డిప్లొమా చేస్తే మూడేళ్ళు పైనే పడతది, బీటెక్ నాలుగేళ్ళు. ఆ ఒక్క ఏడాది కోసం డిగ్రీ వదులుకోవుడు నాకైతే అర్థం లేని పని. ఎంసెట్‌లో ర్యాంకు ఓ మోస్తరుగా ఉన్నా కొత్తగూడెం కాలేజీ (అదే పాత స్కూల్ ఆఫ్ మైన్స్, ఇప్పుడు ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ చేసిన్రు), మంథని జేఎన్‌టీయూ చూడు. జేఈఈలో ర్యాంకు గట్టిగా ఉంటే ధన్‌బాద్ ఐఐటీ, ఖరగ్‌పూర్, బీహెచ్‌యూ, లేకపోతే సూరత్కల్, రూర్కెలా ఎన్‌ఐటీలు. ధన్‌బాద్‌ది 1926 నుంచి ఉన్న కాలేజీ, ఇండియాలో ఏ గనికి పోయినా అక్కడ చదివినోడు ఒకడైనా తగులుతడు.

ఇప్పుడు అసలు విషయం. బయటోళ్ళకి తెలియనిది ఏందంటే మైనింగ్‌లో నిచ్చెనలు రెండు. ఒకటి కంపెనీ ఇచ్చే గ్రేడు, జీతం, హోదా. రెండోది డీజీఎంఎస్, అంటే ధన్‌బాద్‌లో హెడ్డాఫీసు ఉన్న గనుల భద్రతా డైరెక్టరేటు, వాళ్ళు పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్. మైనింగ్ సర్దార్, ఓవర్‌మెన్, సెకండ్ క్లాస్ మేనేజర్, ఫస్ట్ క్లాస్ మేనేజర్, పక్కన సర్వేయర్, వైండింగ్ ఇంజిన్ (మనుషుల్ని బాయిలోకి దించి పైకి తెచ్చే యంత్రం) నడిపేవాళ్ళకి ఇంకోటి. బాయిలో నీ మాట చెల్లేది ఈ రెండో నిచ్చెన మీద నువ్వు ఎక్కడున్నవో దాన్ని బట్టే. కంపెనీ నిన్ను ఎంత పెద్ద పోస్టులో కూర్చోబెట్టినా ఫస్ట్ క్లాస్ లేకుండా పెద్ద బొగ్గు గనికి మేనేజర్‌గా సంతకం పెట్టలేవు, చట్టం ఒప్పుకోదు. సర్టిఫికెట్ ఉన్నోడికి ఒక కంపెనీ కాకపోతే ఇంకో కంపెనీ, అరవై దాటినంక కూడా ఫోన్లు వస్తనే ఉంటయి.

కింది నుంచి చెప్తా. మైనింగ్ సర్దార్ అంటే ఒక డిస్ట్రిక్ట్‌కి, అంటే గనిలో ఒక భాగానికి, షిఫ్ట్ మొత్తం బాధ్యుడు. మనుషులు పనిలో దిగకముందే తిరిగి చూడాలె. చేతిలో కర్రతో రూఫ్ మీద కొడితే గట్టి రాయి ఖంగున మోగుతది, పొర విడిచిన రాయి డొల్ల చప్పుడు చేస్తది, రెండో చెయ్యి పైకి ఆనించి పెడితే వేళ్ళకి అదురు తగుల్తది. ఇది ఏ కాలేజీలోనూ రాదు, పాత సర్దార్ల వెంట తిరిగితే వస్తది. గ్యాస్ చూడాలె, మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతది, కానీ అంతదాకా ఎవడూ రానియ్యడు, 1.25 శాతం దాటితేనే కరెంటు ఆపాలె. గాలి సరిగా వస్తుందా, సపోర్టులు నిలబడ్డయా, షాట్ పేల్చినంక పేలని మందు మిగిలిందా, అన్నీ చూసి పుస్తకంలో రాసి పక్క షిఫ్ట్ సర్దార్‌కి అప్పజెప్పాలె. ప్రమాదం అనిపిస్తే మనుషుల్ని బయటికి తీసే అధికారం ఆయనకుంది, ప్రొడక్షన్ పోతదని పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా సరే. ఉత్త వర్కర్‌గా చేరి చదువుకొని సర్దార్ అయినవాళ్ళు మా దగ్గర మస్తు మంది, నా లెక్కలో బాయిలో అన్నింటికంటే గౌరవమైన ఉద్యోగం ఇదే. జీతం మటుకు దానికి తగ్గట్టు లేదు, అది వేరే ముచ్చట.

ఓవర్‌మెన్ అంటే ఇట్లాంటి డిస్ట్రిక్టులు కొన్నింటి మీద ఉండేటోడు. డిప్లొమా వాళ్ళు ఎక్కువగా ఇక్కడ చేరతరు, సింగరేణి నోటిఫికేషన్లలో జేఎంఈటీ (జూనియర్ మైనింగ్ ఇంజనీర్ ట్రైనీ) అని కనపడేది ఈ లైనే. డిప్లొమా అయినంక ఏడాది ప్రాక్టికల్ ట్రైనింగ్ చెయ్యాలె, దాంతోపాటు గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్. ఈ రెండు చిన్న కాగితాల్ని పిల్లలు పట్టించుకోరు, నోటిఫికేషన్ వచ్చినంక ఉరుకులాడతరు. ముందే చేసి పెట్టుకోవాలె.

బీటెక్ వాళ్ళు మేనేజ్‌మెంట్ ట్రైనీగా ఈ-2 గ్రేడ్‌లో చేరతరు, ఆ స్కేలు 50,000 నుంచి 1,60,000 బేసిక్, మీద డీఏ, అలవెన్సులు వేరే. సింగరేణి సొంతంగా పరీక్ష పెడతది, కోల్ ఇండియా చాలా సార్లు గేట్ స్కోరు మీద తీసుకుంది, అందుకే థర్డ్ ఇయర్ నుంచే గేట్ చదువు. డిగ్రీ ఉంటే మేనేజర్ పరీక్షకి అనుభవం లెక్క తగ్గుతది, కొన్ని పేపర్లు మినహాయింపు వస్తది, మీ అమ్మ మాటలో బలం ఉన్నది ఇక్కడే. సెకండ్ క్లాస్ అయితే షిఫ్ట్ మీద అసిస్టెంట్ మేనేజర్, తర్వాత ఫస్ట్ క్లాస్, సేఫ్టీ ఆఫీసర్ లేదా వెంటిలేషన్ ఆఫీసర్, ఆ తర్వాత మేనేజర్, ఏజెంట్ (మేనేజర్ మీద యజమాని తరఫున ఉండే బాధ్యుడు), జీఎం. పైకి పోయేకొద్దీ కుర్చీ పని పెరుగుతది గానీ బాయి వదలదు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో (పొడుగు గోడలాగా బొగ్గు కోసే అండర్‌గ్రౌండ్ గని) రూఫ్ కూలి ముగ్గురు చనిపోతే అందులో ఏరియా సేఫ్టీ ఆఫీసర్ కూడా ఉన్నడు. ఆఫీసర్ అంటే పైన ఏసీలో ఉంటడు అనేటోళ్ళకి ఇది చెప్పు. పైగా ప్రమాదం జరిగితే కోర్టులో నిలబడేది మేనేజర్ సంతకమే.

ఇక్కడ నీకు అన్నింటికంటే ముఖ్యమైన మాట చెప్తున్న, మిగతాది మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకో. ఇప్పుడు సింగరేణి ఏడాదికి తీసే 70 మిలియన్ టన్నుల్లో తొంభై శాతం పైనే ఓపెన్‌కాస్ట్ (ఓసీ), అంటే పైనుంచి మట్టి తీసి తవ్వే గనుల నుంచి వస్తది. అందుకని కొత్త పిల్లలందరూ ఓసీకే పోస్టింగ్ పెట్టించుకోవాలని చూస్తరు, ఎండ ఉంటది దుమ్ము ఉంటది గానీ పైన ఆకాశం కనపడతది కదా అని. కానీ ఒట్టి ఓపెన్‌కాస్ట్ అనుభవంతో రాస్తే వచ్చేది రిస్ట్రిక్టెడ్ సర్టిఫికెట్, అది అండర్‌గ్రౌండ్‌కి చెల్లదు. అండర్‌గ్రౌండ్ అనుభవంతో తీసుకున్న సర్టిఫికెట్ రెండిట్లోనూ చెల్లుతది. కాబట్టి పెళ్ళి కాకముందే, మోకాళ్ళు బాగున్నప్పుడే మొదటి కొన్నేళ్ళు కిందనే చెయ్యి. ముప్పై అయిదేళ్ళకి పిల్లలు, ఈఎమ్‌ఐలు పెట్టుకొని అప్పుడు అండర్‌గ్రౌండ్ అనుభవం కావాలని అప్లికేషన్ పెట్టుకునేటోళ్ళని చూసిన, ఎవడూ వినడు. దిగకుండా మైనింగ్‌లో ఉండొచ్చా అని నువ్వు అడిగినవ్ కదా, ఉండొచ్చు, కానీ మైనింగ్ ఇంజనీర్‌గా అయితే ముందు దిగి తర్వాత పైకి రావుడే మంచిది.

వర్కర్ లైను సంగతి మీ నాన్నకే నాకంటే ఎక్కువ తెలుసు, అయినా చెప్తా ఎందుకంటే కారుణ్య నియామకం మాట మీ ఇంట్లో రాక మానదు. డిపెండెంట్‌గా చేరితే బదిలీ వర్కర్‌గా (రానోళ్ళకి బదులు పని చేసే వర్కర్) మొదలు, ఏడాదిలో అండర్‌గ్రౌండ్‌లో 190 మస్టర్లు, అంటే హాజరు రోజులు, సర్ఫేస్ అయితే 240 నింపితే జనరల్ అసిస్టెంట్, అంటే పాత జనరల్ మజ్దూర్. అక్కడి నుంచి ట్రామర్ (టబ్బులు తోసేటోడు), సపోర్ట్‌మెన్ (రూఫ్‌కి ఆసరాలు పెట్టేటోడు), పంపు, హాలేజ్, కాస్త చురుకైనోళ్ళు ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ అనే బొగ్గు ఎత్తే యంత్రాల ఆపరేటర్లు. ఒకప్పుడు తట్టలతో బొగ్గు ఎత్తే ఫిల్లర్లు వేల మంది ఉండేటోళ్ళు, ఇప్పుడు ఆ పని యంత్రాలది. 11 ఇంక్లైన్, వీకే-7 లాంటి గనుల్లో కంటిన్యూయస్ మైనర్లు (ఆగకుండా బొగ్గు కోసే యంత్రాలు) వచ్చినయి. డిపెండెంట్ జాబ్‌లో చేరిన బీటెక్ పిల్లలు ఉన్నరు, తప్పు కాదు, ఇంటి పరిస్థితి అట్లుంటది, కానీ చేరినోడు లోపలి నుంచే సర్దార్ పరీక్ష రాసుకుంటూ పోవాలె, పోస్టు మార్చుకునే అవకాశం లోపలోళ్ళకి ఉంటది. వారసత్వం ఉద్యోగం ఉందిలే అని చదువు ఆపుడు మటుకు వద్దు. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేలకి అటూ ఇటూ అయిన్రు.

ఓపెన్‌కాస్ట్‌లో ఆపరేటర్ల ప్రపంచమే వేరు. షావెల్, డోజర్, డ్రిల్లు, 60 టన్నులు, 100 టన్నుల డంపర్లు. నైట్ షిఫ్ట్‌లో వానాకాలం బురద హాల్ రోడ్ మీద లోడ్‌తో డంపర్ దించుడు ఎంత పనో నడిపినోడికే తెలుసు. బొగ్గు మీదున్న మట్టి, మేము ఓబీ అంటం, అది తీసేది ఎక్కువగా కాంట్రాక్టు కంపెనీలు. అక్కడ టిప్పర్ డ్రైవర్‌గా, సూపర్‌వైజర్‌గా, మెకానిక్‌గా పని తొందరగా దొరుకుతది, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు చాలా మంది అక్కడే. కానీ పర్మినెంట్ వాళ్ళతో పోలిస్తే జీతం, క్వార్టర్, ఆసుపత్రి ఏదీ సమానం కాదు. దసరాకి పర్మినెంట్ వాళ్ళకి లాభాల వాటా వస్తది, కాంట్రాక్టు వాళ్ళకి 2024లో మొదటిసారి మనిషికి 5,000 ఇచ్చిన్రు. డిప్లొమా, డిగ్రీ చేసి కాంట్రాక్టరు దగ్గర చేరితే అనుభవం సర్టిఫికెట్ డీజీఎంఎస్ లెక్కలోకి వచ్చేట్టు రాసిస్తరా లేదా చేరకముందే అడుగు. కొందరు రాసియ్యరు, ఇచ్చినా ఫారాలు సరిగ ఉండయి, రెండేళ్ళు గాలికి పోయినట్టే.

రెస్క్యూ గురించి ఎవడూ అడగడు, నాకు ఇష్టం కాబట్టి నేనే చెప్తా. ఇది విడిగా చేరే ఉద్యోగం తక్కువ, ఎక్కువ మంది గని పని చేసుకుంటూనే రెస్క్యూ ట్రైన్డ్ పర్సన్‌గా పేరు ఇస్తరు. రామగుండంలో రెస్క్యూ స్టేషన్ ఉంది. వీపు మీద ఆక్సిజన్ సెట్టు కట్టుకొని పొగతో, వేడితో నింపిన గ్యాలరీలో (గని సొరంగంలో) పాక్కుంటూ మనిషిని మోసుకొచ్చే ప్రాక్టీసు ఉంటది, మెడికల్ టెస్టులు మళ్ళీ మళ్ళీ పెడతరు, గుండె, ఊపిరితిత్తులు బాగుంటేనే ఉంచుతరు. అలవెన్స్ ఇస్తరు, పెద్ద మొత్తం కాదు. 2025 ఫిబ్రవరిలో ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్ కూలి ఎనిమిది మంది ఇరుక్కున్నప్పుడు ఆర్మీ, ఎన్‌డీఆర్‌ఎఫ్‌తో పాటు సింగరేణి రెస్క్యూ టీములు కూడా లోపలికి పోయినయి, నీళ్ళు బురద మధ్యలో కూలిన కప్పు కింద ఎట్ల నడవాలో తెలిసినోళ్ళు కావాలె కాబట్టి పిలిచిన్రు. నువ్వు చేరినంక ఆరోగ్యం సహకరిస్తే పేరు ఇవ్వు. భయం పోతదని అనను, భయంలో బుర్ర ఎట్ల పనిచెయ్యాలో నేర్పుతది.

మైనింగ్ బ్రాంచ్ కాకుండా గనుల్లో ఉండే పనులు కూడా తక్కువేం లేవు. సర్వేయర్‌ని చిన్నచూపు చూస్తరు, ప్లాన్లు గీసుకునేటోడు అని. 1975 డిసెంబర్ 27న చాస్‌నాలాలో పైన నీళ్ళు నిండి ఉన్న పాత గనిలోంచి వరద కిందికి దూకి 375 మంది పోయిన్రు. మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 2003 జూన్‌లో నీళ్ళు విరుచుకుపడి 17 మంది పోయిన్రు. పాత గని గోడ ఇక్కడికి ఎన్ని మీటర్ల దూరంలో ఉంది అనే ప్రశ్నకి జవాబు చెప్పేది సర్వేయర్ ప్లానే, ఆ గీత తప్పితే మిగతా ఇంజనీర్లందరూ గుడ్డోళ్ళే. ఇప్పుడు టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం, డ్రోన్లు వచ్చినయి, సర్వే సర్టిఫికెట్‌తో పాటు సర్పాక్ లాంటి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ కూడా వచ్చినోడికి హైదరాబాద్‌లో కూర్చొని వేరే దేశాల గనులకి మోడల్స్ చేసే పని కూడా ఉంది. నువ్వు దిగకుండా చేసే ఉద్యోగం అన్నవ్ కదా, దానికి దగ్గరగా వచ్చేది ఇదే.

ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్ళకి ఈ అండ్ ఎం డిపార్ట్‌మెంట్. గ్యాస్ ఉన్న చోట మామూలు స్విచ్ బాక్స్ పెట్టరు, ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి మంట బయటికి రానియ్యనిది) కావాలె, గేట్ ఎండ్ బాక్సులు, ట్రెయిలింగ్ కేబుళ్ళు అదో లోకం, గనులకి చెల్లే ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉన్నోడికి బయట క్వారీల్లో కూడా గిరాకీ. ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్లు ఇక్కడే చేరతరు. బొగ్గు గ్రేడు తేల్చే ల్యాబులు ఉంటయి, జీ-1 నుంచి జీ-17 దాకా గ్రేడ్లు, ఒక్క గ్రేడు అటూ ఇటూ అయితే పవర్ ప్లాంటోళ్ళతో కోట్లలో పంచాయితీ, కెమిస్ట్రీ చదివినోళ్ళకి ఆ పని. ఎన్విరాన్‌మెంట్, భూసేకరణ, వెల్ఫేర్ ఆఫీసర్, ఆసుపత్రులు, ఫైనాన్స్ ఇవన్నీ కూడా ఉన్నయి, వాటి గురించి నాకంటే వాళ్ళే బాగా చెప్తరు.

జియాలజీ వేరే దారి, ఎంఎస్సీ చెయ్యాలె, ఉస్మానియా, ఆంధ్రా, ఎస్వీ యూనివర్సిటీల్లో ఉంది. యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షతో జీఎస్ఐలో, అంటే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరొచ్చు. బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్ హెడ్డాఫీసే ఉంది, భూమి లోపలి సంగతులు పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ కూడా హైదరాబాదే, మనోళ్ళకి ఇంత దగ్గర్లో ఉన్నా పట్టించుకోరు. సింగరేణి అనే కంపెనీ ఉన్నదే 1871లో జీఎస్ఐ నుంచి వచ్చిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తుపట్టినందుకు.

బొగ్గు ఒక్కటే కాదు. ఆంధ్రా వైపు మంగంపేట బెరైటీస్ ఉంది, ఆయిల్ బావులు తవ్వేటప్పుడు వాడే మందపు బురదలో కలిపేది అదే. తుమ్మలపల్లెలో యురేనియం అండర్‌గ్రౌండ్ గని. తాడిపత్రి, జగ్గయ్యపేట, తాండూరు, మేళ్ళచెర్వు వైపు సిమెంటు కంపెనీల సున్నపురాయి గనులు, షిఫ్టులు కాస్త మెత్తగా ఉంటయి, ఊరికి దగ్గర, జీతం పీఎస్‌యూ (ప్రభుత్వ కంపెనీ) అంత ఉండదు. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్, కరీంనగర్ గ్రానైట్, డైమండ్ వైర్ సా తో బండలు కోసుడు ఒక నైపుణ్యం, కానీ ప్రైవేటు క్వారీల్లో సేఫ్టీ యజమానిని బట్టి ఉంటది, చేరేముందు ఒకరోజు పోయి హెల్మెట్లు పెట్టుకున్నరా, బెంచీలు (మెట్లు) సరిగ్గా కోసిన్రా, నిట్టనిలువు గోడ కింద పని చేస్తున్నరా చూసుకో. ఇనుపరాయి తీసే ప్రభుత్వ కంపెనీ ఎన్‌ఎండీసీ హెడ్డాఫీసు హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో ఉన్నా ఇనుపరాయి బైలదిల్లాలో, కిరండూల్, బచేలీ టౌన్‌షిప్పుల్లో మనోళ్ళు చాలా మంది ఉన్నరు. ఒక మెలిక ఉంది, బొగ్గుకి, మిగతా ఖనిజాలకి సర్టిఫికెట్లు వేర్వేరు. అటువైపు ఫోర్‌మెన్, మేట్, బ్లాస్టర్ అని ఉంటయి, మేనేజర్ సర్టిఫికెట్ కూడా వేరే. బొగ్గు ఫస్ట్ క్లాస్ పెట్టుకొని ఇనుప గనికి మేనేజర్‌గా పోతా అంటే కుదరదు, మళ్ళీ బోర్డు ముందు పరీక్ష రాయాలె. అందుకే ఏ వైపో మొదటి రెండు మూడేళ్ళలో తేల్చుకో.

ఫారిన్ అంటవా, జాంబియా, టాంజానియా, ఘనా, ఒమన్, ఆస్ట్రేలియా, అన్నిచోట్లా మనోళ్ళు ఉన్నరు. ఆస్ట్రేలియాలో రెండు వారాలు గనిలో, వారం ఇంట్లో లాంటి రోస్టర్లు, విమానంలో తీసుకుపోయి తీసుకొస్తరు, డబ్బు మంచిగుంటది, కానీ మన ఫస్ట్ క్లాస్‌ని నేరుగా ఒప్పుకోరు, అక్కడి పరీక్షలు అక్కడే. అది ఇప్పుడు నీ లెక్కలో పెట్టుకోకు.

నీకు చెల్లెలు ఉందని రాసినవ్, అమ్మాయిలకి కూడా 2019 ఫిబ్రవరిలో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనుల్లో పగటిపూట అండర్‌గ్రౌండ్ ఒప్పుకున్నరు, ఓపెన్‌కాస్ట్‌లో అయితే రాత్రి కూడా, కొన్ని షరతులతో. అంతకుముందు మైనింగ్ చదివిన అమ్మాయిలు సర్వేలోనో ప్లానింగ్‌లోనో ఆగిపోయేటోళ్ళు. కాబట్టి ఆమెకి ఇష్టముంటే బ్రాంచ్ మార్చమని చెప్పకు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు చూపు, వినికిడి, రంగులు సరిగ్గా కనపడుతున్నయా, ఛాతీ ఎక్స్‌రే ఒకసారి బయట డాక్టర్ దగ్గర చూపించుకో, నాలుగేళ్ళు చదివి మెడికల్‌లో పోయినోళ్ళు ఉన్నరు. నాన్నకి ఆఫ్ ఉన్న రోజు కూర్చోబెట్టి ఆయన బాయి సంగతులు అడుగు, రూఫ్ ఎట్లుంటది, గాలి ఎట్లుంటది, ఇంటికొచ్చినంక ఒళ్ళు ఎట్లుంటది అని. మీ ఏరియా వీటీసీలో (కార్మికుల ట్రైనింగ్ సెంటర్‌లో) ట్రైనింగ్ గ్యాలరీ ఉంటే పర్మిషన్ తీసుకొని చూసి రా, చీకట్లో క్యాప్ ల్యాంప్ వెలుతురులో అర్ధగంట నిలబడితే నీకే తెలుస్తది ఇది నీ వల్ల అవుతదా కాదా. అయితది అనిపిస్తే ఆప్షన్లలో మైనింగ్ పైన పెట్టు. కాదనిపిస్తే ఎలక్ట్రికల్ పెట్టు, అది ఉంటే ఈ ఫీల్డ్‌లోకి తర్వాతైనా రావొచ్చు. ర్యాంకు వచ్చినంక ఎంత వచ్చిందో ఇక్కడే రాయి, ఏ కాలేజీ ముందు పెట్టాలో అప్పుడు చెప్తా.